నోరు లేని మదర్‌బోర్డులు, నోరు మూసుకున్న మనమూ

మొదట ఒక ప్రశ్న. మీ టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒక ప్రోగ్రాము రాసుకొచ్చాడనుకుందాం. అది పని చెయ్యనప్పుడు లాగ్ రాయదు, ఎర్రరు కోడు ఇవ్వదు, ఊరికే బిగుసుకుపోతుంది. ఎందుకు ఆగిందయ్యా అంటే, "తెలీదండీ, సర్వరు మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే డేటాబేసు మార్చండి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్కు మార్చండి" అంటాడు. ఆ కోడుని మీరు రివ్యూలో ఒప్పుకుంటారా?

ఒప్పుకోరు. వాడికి ఓ గంట క్లాసు పీకుతారు. ఎక్సెప్షన్ని పట్టుకుని గుటుక్కున మింగేసే ఖాళీ క్యాచ్ బ్లాకు రాసినవాడిని మన వృత్తిలో ఎవరూ క్షమించరు. అర్ధరాత్రి ప్రొడక్షను పడిపోతే ఫోనెత్తగానే మనం అడిగే మొదటి మాట "లాగ్‌లో ఏముంది?" అనే.

మరి అదే మనవాళ్ళు డెబ్బై ఎనభై వేలు పోసి ప్రాసెసరూ మదర్‌బోర్డూ ర్యామూ ఎస్ఎంపీఎస్సూ విడివిడిగా కొనుక్కొచ్చి, ఆదివారం పొద్దంతా కూర్చుని బిగించి, బటను నొక్కాక తెర నల్లగా ఉండిపోతే మాత్రం కిక్కురుమనరు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, రంగురంగుల దీపాలు వెలుగుతుంటాయి, బొమ్మ మాత్రం రాదు. ఎందుకు రాలేదో పెట్టె చెప్పదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దమని ఒకడంటాడు. ఎస్ఎంపీఎస్ మార్చమని ఇంకొకడంటాడు. బోర్డు పోయింది గురూ అని మూడోవాడు తేల్చేస్తాడు. పగలంతా డీబగ్గింగు చేసి జీతం తెచ్చుకునేవాళ్ళు సాయంత్రానికి తాయెత్తు కట్టించుకునేవాళ్ళలా తయారవుతారు.

నేను చెప్పదలచుకున్నది ఇదీ: కొత్తగా బిగించిన కంప్యూటరుకి డిస్‌ప్లే రాకపోవడం పెద్ద విషయమేం కాదు. ఎందుకు రాలేదో తెలీకపోవడం పెద్ద విషయం. ఆ తెలీకపోవడం మన తలరాత కాదు. బోర్డులు తయారు చేసేవాళ్ళు కావాలని చేసిన పొదుపు. పొదుపు వాళ్ళది, దాని ఖర్చు మనది.

పెట్టెకి తెలుసు, చెప్పదు

మన దుకాణాల్లో 'నో డిస్‌ప్లే' అన్నది ఒక జబ్బు పేరైపోయింది. "ఏంటి ప్రాబ్లెం?" "నో డిస్‌ప్లే అండీ." "ఓహో, అయితే బోర్డే." అది జబ్బు కాదు బాబూ, లక్షణం. పది వేరువేరు కారణాలకి ఒకే లక్షణం.

అలా ఎందుకవుతుందో చూద్దాం. బటను నొక్కగానే ఎస్ఎంపీఎస్ తన ఓల్టేజీలు సర్దుకుని, అన్నీ సవ్యంగా ఉన్నాయని మదర్‌బోర్డుకి ఒక సిగ్నలు పంపుతుంది. 'పవర్ గుడ్' అంటారు దాన్ని. అది అందేదాకా ప్రాసెసరుని రీసెట్‌లోనే పట్టి ఉంచుతారు. ఆ తర్వాత ప్రాసెసరు లేచి ఫర్మ్‌వేరు చదవడం మొదలెడుతుంది. అప్పటికింకా ర్యామ్ సిద్ధంగా ఉండదు. ఇంటెల్ వాటిలో ఫర్మ్‌వేరు ప్రాసెసరు లోపలి క్యాషెనే తాత్కాలికంగా మెమరీగా వాడుకుంటుంది. ఏఎమ్‌డీ రైజెన్‌లలో ర్యామ్‌ని లేపే పని లోపలున్న ఒక చిన్న సెక్యూరిటీ ప్రాసెసరు చూసుకుంటుంది. ర్యామ్ లేచాక, మిగతా సరంజామా లెక్క తేలాక, అప్పుడు గ్రాఫిక్సు వంతు. అప్పటికి గానీ తెర మీద మొదటి చుక్క పడదు.

అంటే తెర ఇంట్లో అందరికన్నా ఆలస్యంగా నిద్రలేచే మనిషన్నమాట. అంతకుముందు ఇంట్లో ఏం జరిగినా దాన్నడిగితే లాభం లేదు. ఇకపోతే "ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదండీ, కరెంటు బానే వస్తోంది" అనే వాదన. ఫ్యాను తిరగడానికి 12 ఓల్టులుంటే చాలు, ప్రాసెసరుతో పనే లేదు. ప్రాసెసరుకి కరెంటిచ్చే 8 పిన్నుల కేబులు పెట్టడం మర్చిపోయినా ఫ్యాన్లు చక్కగా తిరుగుతాయి. ఫ్యాను సాక్ష్యం కోర్టులో చెల్లదు.

ఇక్కడే అసలు సంగతుంది. మనకి తెలీకపోయినా ఫర్మ్‌వేరుకి తాను ఏ మెట్టు మీద ఆగిందో తెలుసు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎమ్ పీసీ కూడా ఆన్ చెయ్యగానే తనని తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్కసారి 'బీప్' అనేది. బాగోకపోతే వేరే రకంగా మోగేది. 1984లో వచ్చిన పీసీ ఏటీ నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతున్నప్పుడల్లా ఒక సంఖ్యని 80 అనే పోర్టుకి రాసే అలవాటు మొదలైంది. అది హెక్సాడెసిమల్ 80. ఆ పోర్టుని చదివే కార్డొకటి గుచ్చితే రెండంకెల్లో ఎక్కడ ఆగిందో కనపడేది. రిపేరు చేసేవాళ్ళు ఆ కార్డుల్ని ఇప్పటికీ వాడుతున్నారు.

అవార్డ్ బయోస్ రోజుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులంటే గ్రాఫిక్సు కార్డు సంగతి చూడమని. ఆగకుండా పొడుగ్గా మోగుతుంటే ర్యామ్. అమీర్‌పేటలో హార్డువేరు కోర్సు చేసినవాళ్ళు ఈ పట్టికని ఎక్కాల్లా వల్లెవేసేవాళ్ళు. మోగడానికి కావల్సింది క్యాబినెట్లో ఒక బుల్లి స్పీకరు. తెర లేవకముందు మాట్లాడాలంటే తెర కాకుండా ఇంకో నోరుండాలి అనే చిన్న ఇంగితం నలభై అయిదేళ్ళ క్రితమే ఉంది.

ఇప్పుడా స్పీకరు క్యాబినెట్లతో రావడం దాదాపుగా పోయింది. బోర్డు మీద దాని నాలుగు పిన్నులు మాత్రం చాలావాటిలో మిగిలున్నాయి, గుడి పోయినా ధ్వజస్తంభం మిగిలినట్టు. దాని బదులు మంచి బోర్డుల మీద నాలుగు చిన్న ఎల్ఈడీలు పెడుతున్నారు: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఏ దీపం దగ్గర ఆగితే గొడవ అక్కడన్నమాట. ఏసస్ వాళ్ళు క్యూ-ఎల్ఈడీ అంటారు, ఎమ్ఎస్ఐ వాళ్ళు ఈజీ డీబగ్ ఎల్ఈడీ అంటారు. ఇంకా ఖరీదైన బోర్డుల్లో ఆ 80వ పోర్టు సంఖ్యనే రెండంకెల్లో చూపించే డిస్‌ప్లే ఉంటుంది.

మరి చవక బోర్డుల్లో? చాలావాటిలో ఏమీ ఉండదు.

ఒక్కసారి ఆలోచించండి. ఖరీదైన బోర్డు ఎవరు కొంటారు? పది కంప్యూటర్లు బిగించిన అనుభవం, ఇంట్లో స్పేరు ర్యామూ, పాత గ్రాఫిక్సు కార్డూ ఉన్నవాడు. చవక బోర్డు ఎవరు కొంటారు? జీవితంలో మొదటిసారి బిగిస్తున్నవాడు, ఇంట్లో ఇంకో కంప్యూటరే లేనివాడు. సాయం ఎవడికి ఎక్కువ అవసరమో వాడికే లేకుండా చేశారు. పైగా అవే కంపెనీలు బోర్డు అంచుల్లో ఇంద్రధనుస్సు రంగుల దీపాలు పెడతాయి, అద్దాల క్యాబినెట్లోంచి కనపడాలని. దీపావళికి డబ్బులున్నాయి గానీ, నాలుగు ఎర్రదీపాలకి లేవట!

ఒక అక్షరం ఖరీదు

మా పిన్ని కొడుకు ఇంజనీరింగు మూడో సంవత్సరం. ట్యూషన్లు చెప్పి కొంత, మా పిన్ని చిట్టీ పాడి ఇచ్చింది కొంత కలిపి, కిందటేడు కంప్యూటరు పార్టులు కొన్నాడు. అన్నీ ఒకే దుకాణంలో, ఒకే బిల్లు మీద. గ్రాఫిక్సు కార్డు ఇంటర్న్‌షిప్ డబ్బులొచ్చాక కొనుక్కుందామని ఆగాడు. బిగించాడు. బోర్డు వెనక హెచ్‌డీఎమ్‌ఐ పోర్టుంది, అందులో మానిటరు కేబులు పెట్టాడు. బొమ్మ రాలేదు.

పెట్టె మోసుకుని బస్సెక్కి దుకాణానికెళ్ళాడు. అక్కడ ర్యామ్ రబ్బరుతో రుద్దారు. డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్త ర్యామ్‌ని! తుప్పు పట్టిన పాత ర్యామ్‌కి రబ్బరు పని చేస్తుందేమో గానీ, కొత్తదాని బంగారు పూతని రుద్దితే ఏమొస్తుంది? తర్వాత ఎస్ఎంపీఎస్ బలహీనంగా ఉందన్నారు. 3,800 పెట్టి ఇంకోటి కొనిపించారు. అప్పటికీ రాలేదు. పాతది వెనక్కి తీసుకోరట, డబ్బా విప్పారు కాబట్టి. చివరికి బోర్డు వారంటీకి పంపాలి, మూడు వారాలు పడుతుందన్నారు. అప్పుడు నాకు ఫోను చేశాడు.

"ఒరేయ్, ప్రాసెసరు పేరు బిల్లులో ఎలా ఉందో అలా చదువు."

"రైజెన్ 5 5600 అన్నయ్యా."

"చివర జీ ఉందా?"

"లేదన్నయ్యా. ఉండాలా?"

ఉండాలి. 5600జీలో లోపలే గ్రాఫిక్సు ఉంటుంది. ఒట్టి 5600లో ఉండదు. బోర్డు వెనక పోర్టు ఉన్నంత మాత్రాన సరిపోదు, దానికి బొమ్మ పంపే భాగం ప్రాసెసరులో ఉండాలి. ఇంటెల్‌లో 2019 నుంచి పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లదీ ఇదే కథ. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరసలో చాలావాటికి చిన్న గ్రాఫిక్సు లోపలే పెట్టారు గానీ, అందులోనూ 7500ఎఫ్ లాంటివి ఉన్నాయి. వాడి స్నేహితుడి దగ్గర ఒక పాత కార్డు తెచ్చి గుచ్చితే మొదటిసారికే బొమ్మ వచ్చింది. బోర్డూ బానే ఉంది, ర్యామూ బానే ఉంది, మొదట కొన్న ఎస్ఎంపీఎస్సూ బానే ఉంది.

ఇందులో నన్ను మండించింది 3,800 రూపాయలు కాదు. ఈ రోజుల్లో చాలా బోర్డుల్లో ఉండేది ఏఎమ్ఐ అనే కంపెనీ ఫర్మ్‌వేరు. ఆ కంపెనీ అచ్చువేసిన కోడుల పట్టికలో 'డీ6' అని ఒక కోడుంది. దానర్థం: బొమ్మ చూపించే పరికరం ఒక్కటీ దొరకలేదు అని. అక్షరాలా మా తమ్ముడి సమస్యే! ఈ పరిస్థితి వస్తుందని ముందే ఊహించి, దానికో పేరూ నంబరూ పెట్టి, కోడు రాసిన ఇంజనీరు తన పని తాను చేశాడు. ఆ సంగతి బయటికి చెప్పే దీపం ఆ బోర్డు మీద లేదు. లాగ్ ఉంది, చూసే దారి లేదు. ఇంతకన్నా దారుణం ఏముంటుంది చెప్పండి?

ఇక ఆ ప్రాసెసరునీ, ఆ బోర్డునీ, కార్డు లేకుండా, ఒకే బిల్లు మీద రాసినవాడికి ఆ జీ సంగతి తెలీదా? తెలిస్తే మోసం, తెలీకపోతే అంతకన్నా ఘోరం. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మార్చి చూడడం ఎప్పుడు పద్ధతి, ఎప్పుడు జూదం

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒక్కో పార్టూ మార్చి చూడడం తప్పు పద్ధతేమీ కాదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లోనో బెంగుళూరు ఎస్పీ రోడ్డులోనో చెయ్యి తిరిగిన మనిషి పదిహేను నిమిషాల్లో తప్పు పట్టేస్తాడు. ఎందుకంటే బాగున్నాయని ఖాయంగా తెలిసిన పార్టులు అతని బల్ల మీద ఉంటాయి. ఒకసారికి ఒకటే మారుస్తాడు, ఫలితం చూస్తాడు, పాతది మళ్ళీ పెడతాడు. మనం బగ్గు ఏ కమిట్‌లో వచ్చిందో వెతికినట్టే.

కానీ ఇదే సలహాని ఇంట్లో కూర్చున్నవాడికి పారేస్తే? వాడి దగ్గర స్పేరు లేదు. 'వేరే ర్యామ్ పెట్టి చూడు' అంటే వాడి విషయంలో 'వేరే ర్యామ్ కొను' అనే అర్థం. ఒకేసారి రెండు మార్చి, ఏది పని చేసిందో తెలీక, రెండింటికీ డబ్బులు కట్టినవాళ్ళు ఎంతమందో.

అందుకే స్పేరు లేనివాడు రూపాయి ఖర్చు కాని పరీక్షలన్నీ అయ్యాకే జేబులో చెయ్యి పెట్టాలి. నేనైతే ఈ వరసలో వెళ్తాను:

1. కేబులు ఎక్కడుంది? గ్రాఫిక్సు కార్డుంటే కేబులు కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు. మానిటర్లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారా చూడాలి. కార్డు లేకపోతే ప్రాసెసరు పేరు చివరి అక్షరం చూడాలి.

2. కరెంటు తీగలు. బోర్డుకి 24 పిన్నులది, ప్రాసెసరు పక్కన 8 పిన్నులది (కొన్నిట్లో 4), కార్డుకి కావలిస్తే దానిది వేరే. ప్రాసెసరుదీ కార్డుదీ 8 పిన్నుల కనెక్టర్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల వైరింగు వేరు. దూరకపోతే బలవంతంగా దూర్చకూడదు.

3. ఓపిక. డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు మెమరీని సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా తెర నల్లగానే ఉంటుంది. 2022లో ఏఎమ్5 బోర్డులు వచ్చినప్పుడు ఏఎస్‌రాక్ వాళ్ళు, ఎంత ర్యామ్‌కి ఎంతసేపు ఆగాలో చెబుతూ ర్యామ్ స్లాట్ల మీద ఒక స్టిక్కరు అంటించారు. స్టిక్కరు! దానికెంతవుతుంది? కొనేవాడి మీద కాస్త గౌరవముంటే అలాంటి ఆలోచనలొస్తాయి. ఆ స్టిక్కరు లేని బోర్డు కొన్నవాడు అర నిమిషానికే కంగారుపడి ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేసి, మళ్ళీ ఆఫ్ చేసి, అది ఎప్పటికీ పూర్తికానివ్వడు.

4. ఒకటే ర్యామ్, మాన్యువల్లో చెప్పిన స్లాట్లో. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా అది ప్రాసెసరు వైపు నుంచి రెండోది. రెండుంటే రెండోదీ నాలుగోదీ. క్లిక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. కొత్త పెట్టెల్లో సగం జబ్బులు ఈ నొక్కుడికి భయపడ్డం వల్ల వచ్చేవే అని నా అభిప్రాయం.

5. పవరు తీగ పీకేసి, బోర్డు మీది నాణెం బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టడం, లేదా మాన్యువల్లో చూపించిన పిన్నులు కలపడం. బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి.

6. బోర్డు కంపెనీ సైటులో మీ ప్రాసెసరు ఏ బయోస్ వెర్షను నుంచి పని చేస్తుందో చూడ్డం. బోర్డు గోడౌన్లో ఏడాది మగ్గి, ప్రాసెసరు నిన్న వచ్చినదైతే ఒకదానికొకటి పరిచయం ఉండదు. బోర్డు మీద బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటనుంటే ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవు నుంచి కొత్త బయోస్ ఎక్కించుకోవచ్చు.

7. అప్పటికీ రాకపోతే బోర్డుని క్యాబినెట్లోంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసరూ కూలరూ ఒక ర్యామూ మాత్రమే ఉంచి ఆన్ చెయ్యడం. ప్రాసెసరులో గ్రాఫిక్సు లేకపోతే కార్డు కూడా. అక్కడ బొమ్మ వస్తే బోర్డు తప్పు కాదు. క్యాబినెట్లో అక్కర్లేని చోట ఉన్న ఇత్తడి స్టాండాఫ్ బోర్డు వెనక ఎక్కడో తగులుతూ ఉండొచ్చు.

8. వందో నూటయాభయ్యో పెట్టి ఆ బుల్లి స్పీకరు కొని ఆ నాలుగు పిన్నులకి గుచ్చడం. మొత్తం వరసలో డబ్బు ఖర్చయ్యేది ఇదొక్కటే.

ఇవన్నీ అయ్యాకే ప్రాసెసరు తీసి సాకెట్టు చూడాలి. ఇక్కడో మాట. 2004లో ఇంటెల్ ఎల్‌జీఏ775తో పిన్నులు ప్రాసెసరు మీంచి బోర్డు సాకెట్లోకి మారాయి. 2022లో ఏఎమ్‌డీ కూడా అదే దారి పట్టింది. దాంతో పిన్ను వంగితే అది బోర్డు ఖాతాలో పడుతుంది, వంగిన పిన్నుకి వారంటీ ఇవ్వరు. పిన్ను దుకాణంలో వంగిందా మీ ఇంట్లో వంగిందా అని తేల్చేదెవరు? కొనేటప్పుడే దుకాణంలో సాకెట్టు మూత తీయించి ఫోనుతో ఫొటో తీసుకోండి. మొహమాటం వద్దు.

వాళ్ళ వాదనలు, నా జవాబులు

'దీపాలుంటే మాత్రం అన్నీ తెలిసిపోతాయా?' అంటారు. తెలిసిపోవు, నిజమే. ఏఎమ్‌డీ 2003లో, ఇంటెల్ 2008లో మెమరీ కంట్రోలరుని ప్రాసెసరులోకి తెచ్చేశాయి. కాబట్టి సాకెట్లో ఒక పిన్ను వంగినా డీర్యామ్ దీపమే వెలగొచ్చు. కానీ పది అనుమానాలు మూడుకి తగ్గడం చిన్న విషయమా? స్టాక్ ట్రేసు కూడా బగ్గు ఎక్కడుందో ప్రతిసారీ చెప్పదు. అందుకని స్టాక్ ట్రేసు తీసేద్దామా?

'వంద మందిలో ఏ ఇద్దరికో వచ్చే సమస్య కోసం అందరి దగ్గరా డబ్బు తీసుకోవాలా?' అంటారు. ఆ నాలుగు ఎల్ఈడీల ఖర్చు కొన్ని రూపాయలు. అవి లేనందువల్ల పోస్టేజీ, బస్సు చార్జీలు, అక్కర్లేని ఎస్ఎంపీఎస్, బాగున్న బోర్డు వారంటీకి వెళ్ళి 'లోపమేమీ లేదు' అనే కాగితంతో తిరిగి రావడం... వీటి లెక్క ఎవరు కట్టారు? 2018లో రైజెన్ 2000జీ ప్రాసెసర్లు వచ్చినప్పుడు, పాత బయోస్ ఉన్న బోర్డుల్లో అవి పెడితే బొమ్మ రాలేదు. ఏఎమ్‌డీ ఏం చేసిందో తెలుసా? బయోస్ మార్చుకునేదాకా వాడుకోండని కొన్నవాళ్ళకి ఒక పాత ప్రాసెసరుని అరువిచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక బటను బోర్డు మీదుంటే ఆ పార్సిళ్ళ అవసరమే ఉండేది కాదు.

'ఈ తలనొప్పంతా ఎందుకు, దుకాణం వాడికి వెయ్యి రూపాయలిస్తే వాడే బిగించిస్తాడు, లేదా ల్యాప్‌టాప్ కొనుక్కో' అనేది మూడోది. ఇది మనవాళ్ళ వాదన. ఆఫీసు ల్యాప్‌టాప్ చెడిపోతే టికెట్టు పెట్టగానే ఇంకోటొచ్చే చోట పని చేస్తున్నాం కదా, మనకి అలాగే అనిపిస్తుంది. అన్నయ్య సాఫ్టువేరు ఇంజనీరు కాబట్టి మా తమ్ముడు బయటపడ్డాడు. ఫోను చెయ్యడానికి అలాంటి అన్నయ్య లేని పిల్లాడి సంగతేంటి? వాడు మూడు వారాలాగి, 'ఇది మనకి చేతకాదులే' అనుకుని ఊరుకుంటాడు. పోయింది బోర్డు కాదక్కడ, స్క్రూడ్రైవరు పట్టుకున్న ఒక కుర్రాడి ధైర్యం.

2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసమని ఒక పోర్టలు తెరిచింది. సంతోషం. కానీ ఏం చెడిందో తెలుసుకునే హక్కు లేకుండా బాగు చేసుకునే హక్కు ఎందుకు పనికొస్తుంది? రోగమేంటో చెప్పకుండా మందుల షాపు తలుపులు తెరిచినట్టు.

అడగాల్సినవి

తిలాపాపం తలా పిడికెడు. కంపెనీలని తిట్టి ఊరుకుంటే సరిపోదు, కాబట్టి నా డిమాండ్లు మూడు.

బోర్డు కంపెనీలకి: ఎంత చవక బోర్డయినా సరే, ఆ నాలుగు దీపాలు ఉండాలి. ఏ దీపానికి ఏం చెయ్యాలో బోర్డుతో వచ్చే కాగితం మీద అచ్చు వెయ్యాలి. అది ఖరీదైన బోర్డుకి అదనపు హంగు కాదు, సీటు బెల్టు లాంటిది.

దుకాణాలకి: ప్రాసెసరూ బోర్డూ ఒకే బిల్లు మీద అమ్మితే, గ్రాఫిక్సు లోపల ఉందో లేదో ఆ బిల్లు మీదే రాయాలి. బోర్డు అట్టపెట్టె మీద వేసి, ప్రాసెసరూ ర్యామూ పెట్టి, బయోస్ తెర చూపించి ఇవ్వాలి. పది నిమిషాల పని. టీవీ కొంటే ఆన్ చేసి చూపించట్లేదా?

ఇక మనకి. పార్టుల గురించి సలహా అడిగినవాళ్ళకి ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జులు అని చెప్పి వదిలెయ్యకండి. ఆ బోర్డుకి దీపాలున్నాయా, ఫ్లాష్‌బ్యాక్ బటనుందా అని కూడా చూడమనండి. ఐదొందలు ఎక్కువైనా అవున్న బోర్డే కొనమనండి. కొనుక్కున్న బోర్డుకి అవి లేకపోతే, రివ్యూలో ఆ ఒక్క వాక్యం రాయండి. 'బాగా పని చేస్తోంది, అయిదు నక్షత్రాలు' అని రాసేముందు, అది పని చెయ్యనప్పుడు ఏం చెబుతుందో కూడా చూసి నక్షత్రాలివ్వండి. ఎవరైనా ఫోను చేసి 'నో డిస్‌ప్లే' అంటే, 'ర్యామ్ మార్చు' అనే ముందు 'ఏ దీపం వెలుగుతోంది?' అని అడగండి. 'దీపమేదీ లేదండీ' అన్నాడనుకోండి, తప్పు ఎవరిదో మీకప్పుడే తెలిసిపోతుంది.